క్యానన్ ఫిఫ్టీ ఎఫ్ 1.8 లెన్సు పిల్లల ఫొటోలకి పనికొస్తుందా? ముందు మీ వసారా ఎంతుందో చెప్పండి

ముందే చెప్పేస్తున్నానండి, ఇది ఇల్లు చూసుకుని కొనాల్సిన లెన్సు. ముందు వసారా, దొడ్లో కాస్త ఖాళీ జాగా ఉన్నవాళ్ళకి పిల్లల ఫొటోలు నేర్చుకోవడానికి ఇంత తక్కువ డబ్బులో ఇంతకన్నా మంచిది నాకైతే కనపడలేదు, అదే టౌన్లో టెన్ బై టెన్ రూములున్న ఫ్లాట్లో ఉంటూ ఇది కొంటే మాత్రం గోడకి వీపు ఆనించుకుని నిలబడాలి, అయినా పిల్ల కాళ్ళు ఫ్రేములో పట్టడం కష్టమే. యూట్యూబ్‌లో చూస్తే అందరూ బిగినర్స్‌కి మొదటి లెన్సు ఇదే ఇదే అంటారు గానీ ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ క్యానన్ 200డి కెమేరా బాడీ, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్సు, తర్వాత విడిగా కొనుక్కున్న ఈ ఈఎఫ్ 50 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8 ఎస్‌టీఎమ్ (ఇది లోపల ఫోకస్ చేసే మోటారు రకం పేరు). మాది అంబాజీపేట వైపు పల్లెటూరు. ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు, మా చిన్నదాని కోసం, మా వదిన పిల్లల కోసం మొదలెట్టాను, ఫోన్లో తీస్తే కూర్చున్న పిల్ల బానే వస్తుంది గానీ పరిగెట్టే పిల్ల అలికేసినట్టు వస్తుంది, సాయంత్రమైతే ఇంక చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు ఒకటి గమనించండి, ఈ ఫిఫ్టీలో ఎక్కువగా రెండు రకాలు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తిరుగుతున్నాయి. పాతది 1990లో వచ్చిన సెకండ్ వెర్షను, వెనకాల కెమేరాకి తగిలించే మౌంటు ప్లాస్టిక్కు, లోపల వెలుగొచ్చే కన్నాన్ని మూసే బ్లేడ్లు ఐదు, దగ్గరికెళ్తే 45 సెంటీమీటర్ల కంటే ముందుకి ఫోకస్ అవదు, మోటారు గర్రుమంటుంది. కొత్తది 2015లో వచ్చిన ఎస్‌టీఎమ్, మౌంటు మెటలు, ఏడు బ్లేడ్లు, 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికెళ్ళొచ్చు, బరువు 160 గ్రాములే. ముందువైపు అద్దం చుట్టూ ఎస్‌టీఎమ్ అని రాసుంటే కొత్తది, రోమన్ రెండు ఉంటే పాతది. పిల్లల ఫొటోలకి ఆ పది సెంటీమీటర్ల తేడా, ఆ మోటారు సౌండు తేడా రెండూ లెక్కలోకొస్తాయి కాబట్టి వెయ్యి రెండువేలు మిగులుతాయని పాతదాని జోలికెళ్ళొద్దని నా మాట. ఇంక నిద్రపోయే పిల్లని ఫొటో తియ్యడం సంగతైతే మా మామ్మ దగ్గర ఏ మోటారూ పనికిరాదు, నిద్రలో ఉన్న పిల్లని అలా చూడకూడదే, కెమేరా అవతల పెట్టు అంటుంది, అంతే.

సరే అసలు విషయం. ఈ లెన్సంటే అందరూ వెనకాల బ్లర్ గురించే మాట్లాడతారు. నాకు దీంతో పనికొచ్చింది వెలుగు. కిట్ లెన్సుని 50 దాకా జూమ్ చేస్తే ఎపర్చరు, అంటే వెలుగొచ్చే కన్నం, 5.6 దగ్గరికి వచ్చేస్తుంది (నెంబరు ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది), ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది, లెక్క వేస్తే దగ్గరదగ్గర పదిరెట్లు వెలుగు ఎక్కువ. అంటే కిట్ లెన్సుతో ఐఎస్ఓ (ఉన్న వెలుగుని కెమేరా ఎంత పెంచి చూపించాలో చెప్పే నెంబరు, ఎక్కువైతే ఫొటో గింజలు పడుతుంది) 6400 పెట్టాల్సిన చోట దీంతో 640తో సరిపోతుంది, లేదా ఐఎస్ఓ అంతే ఉంచి షట్టర్ స్పీడు, అంటే సెకనులో ఎన్నోవంతు సేపు తెరుచుకుంటుందో అది, 1/50 నుంచి 1/500కి తీసుకెళ్ళొచ్చు. పిల్లల ఫొటోల్లో కష్టమంతా ఈ రెండో దాంట్లోనే ఉందండి. పెద్దవాళ్ళు మీరు క్లిక్ అనేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు, నాలుగేళ్ళ పిల్ల కూర్చున్నా కూడా చెయ్యో కాలో ఏదోకటి కదులుతూనే ఉంటుంది. కూర్చున్న పిల్లకి 1/250, పరిగెట్టే పిల్లకి 1/500 తక్కువ కాకుండా చూసుకోండి. లెన్సులో స్టెబిలైజేషన్ లేదు కదా అని కొంతమంది వంక పెడతారు, ఉన్నా అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పిల్ల గెంతుల్ని ఆపదు కదా, కాబట్టి ఈ పనికి అది పెద్ద లోటు కాదు.

మోడ్ సంగతి కూడా చెప్తాను, చాలామంది బిగినర్స్ ఆటోలో పెట్టి చీకటి పడగానే ఫ్లాష్ దానంతట అదే లేచి పిల్ల కళ్ళు మూసేసుకుంటుంటే ఏం చెయ్యాలో తెలీక కెమేరా బీరువాలో పెట్టేస్తారు. నేను చేసేది ఏంటంటే అన్నీ మనమే పెట్టుకునే ఎమ్ మోడ్‌లో పెట్టి షట్టర్ 1/250, ఎపర్చరు 2.8, ఐఎస్ఓ మాత్రం ఆటోకి వదిలేస్తాను, ఫోకస్ ఏఐ సర్వోలో ఉంటుంది, అంటే బటన్ సగం నొక్కి పట్టుకుంటే పిల్ల ముందుకొస్తున్నా వెనక్కెళ్తున్నా లెన్సు వెంటపడుతుంది. ఇంక వేలితో తిప్పేది ఒక్క షట్టరు చక్రమే.

1.8 ఉన్న లెన్సు కొని 2.8లో తియ్యడమేంటి అంటారా, దానికో లెక్కుందండి. ఈ బాడీ మీద ఒక మీటరు దూరంలో 1.8 పెడితే షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం రెండున్నర సెంటీమీటర్లే. కన్ను షార్ప్‌గా ఉంటే చెవి పోతుంది, పిల్ల కాస్త పక్కకి తిరిగితే ఒక కన్ను ఉండి రెండోది పోతుంది. అదే రెండు మీటర్ల దూరానికి వెనక్కి జరిగి 2.8 పెడితే పదహారు సెంటీమీటర్ల దాకా వస్తుంది, మొహం మొత్తం కాపాడుకోవచ్చు, వెనకున్న కొబ్బరిచెట్లు అప్పటికీ మెత్తగా కరిగిపోయే ఉంటాయి. 1.8 అనేది వెలుగు నిజంగా లేనప్పుడు దాచుకున్న డబ్బు, రోజూ ఖర్చు పెట్టేది కాదు.

దీంట్లోనే మన ఇళ్ళకి మాత్రమే వచ్చే తమాషా ఒకటుంది. ఫొటో అనగానే మామ్మ గబగబా కాటుక తెచ్చి బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టేస్తుంది కదా, కెమేరా ఫోకస్ పాయింటు కాంట్రాస్ట్ ఎక్కడుంటే అక్కడ అతుక్కుంటుంది, తెల్లటి బుగ్గ మీద నల్లటి చుక్క కంటే దానికి కాంట్రాస్ట్ ఇంకేం కావాలి. జూమ్ చేసి చూస్తే కాటుక గింజలు గింజలుగా కనపడుతుంది, కనురెప్పలు మాత్రం మెత్తబడిపోయి ఉంటాయి. మామ్మతో వాదించే పని పెట్టుకోకండి, గెలవరు. చుక్క చెవి వెనకాలో అరికాల్లోనో పెట్టమనండి, అదీ సంప్రదాయమే కాబట్టి ఆవిడ ఒప్పుకుంటుంది. లేదంటే ఒక్క మధ్య పాయింటే ఆన్‌లో ఉంచుకుని దాన్ని కంటి మీద పెట్టి తియ్యండి, 200డిలో ఉన్న తొమ్మిది పాయింట్లలో క్రాస్ టైపు (నిలువు గీతలూ అడ్డ గీతలూ రెండూ పట్టుకునేది) ఆ మధ్యదొక్కటే, నమ్మదగ్గది కూడా అదే.

ఇప్పుడు దూరం సంగతి. ఈ బాడీల్లో సెన్సారు, అంటే లోపల ఫొటో పడే చిప్పు, చిన్నది కాబట్టి 50 అన్నది పెద్ద సెన్సారు మీద 80 లాగా పని చేస్తుంది, ఫ్రేము అంత ఇరుకన్నమాట. మీటరు ఎత్తున్న పిల్లని తల నుంచి కాళ్ళదాకా నిలువు ఫ్రేములో పట్టించాలంటే ఏడడుగులు పైనే వెనక్కెళ్ళాలి, పైనా కిందా కాస్త గాలి ఆడాలంటే తొమ్మిది పది అడుగులు. అమలాపురంలో మాకు తెలిసిన స్టూడియో ఆయన్ని కొనేముందు అడిగాను, ఏవండీ ఈ లెన్సు ఎలాగుంటుందీ అని. ఆయన లెన్సు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, "మీ హాలు ఎన్నడుగులుందో కొలుచుకున్నావా అమ్మా?" అన్నాడు. నాకు ఆ రోజు వెటకారంలా అనిపించింది గానీ ఇన్ని రివ్యూల్లోనూ అంతకన్నా పనికొచ్చే ప్రశ్న నేను చూళ్ళేదు.

మాకు కలిసొచ్చింది ఏంటంటే ఇల్లు పాత పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా, దాని ముందు గచ్చు చేసిన వాకిలి. ఎండ వాకిట్లో పడి గచ్చు మీద నుంచి వెలుగు తిరిగి వసారాలోకి కొడుతుంది, పిల్లని వసారా అంచున వాకిలి వైపు మొహం పెట్టి కూర్చోబెడితే స్టూడియోలో గొడుగు లైట్లు పెట్టినా రాని మెత్తటి వెలుగు మొహమంతా పరుచుకుంటుంది, కళ్ళల్లో వాకిలి తెల్లగా మెరుస్తుంది. మీరు వాకిట్లో నిలబడి, అంటే పది అడుగులు మీకు దొరికేసినట్టే, లోపలికి తియ్యండి. వెనకాల ఇల్లంతా చీకటిగా ఉంటుంది కాబట్టి బ్యాక్‌గ్రౌండులో మంచం మీద ఆరేసిన బట్టలు కూడా కనపడవు, అది ఇంకో లాభం.

మండువా లోగిలి ఉన్నవాళ్ళు ఇంకా అదృష్టవంతులు గానీ జాగ్రత్త, నడిమధ్యలో పిల్లని నిలబెడితే వెలుగు నెత్తిమీద నుంచి నిట్టనిలువుగా దిగి కళ్ళ కింద గుంటలు పడతాయి. నాలుగడుగులు పక్కకి, చూరు కిందకి జరిపి ఆకాశం వైపు మొహం తిప్పితే అదే వెలుగు బంగారంలాగ పని చేస్తుంది.

కొబ్బరితోటలో తీద్దామని అందరికీ ఉంటుంది, కోనసీమ కదా మరి. పది దాటాక తోటలోకెళ్తే మాత్రం ఆకుల మధ్యనుంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొహం మీద పడి ఒక బుగ్గ తెల్లగా కాలిపోయి ఒక బుగ్గ నల్లగా వస్తుంది, ఏ లెన్సూ ఏమీ చెయ్యలేదు. పొద్దున్న ఏడింటికో, సాయంత్రం ఐదు దాటాకో, లేకపోతే శ్రావణంలో మబ్బు పట్టిన రోజో వెళ్ళండి. ఇంకో గొడవ ఆకుపచ్చ. చుట్టూ అరటి, కింద గడ్డి, అంతా కలిసి పిల్ల మొహానికి పచ్చ రంగు పూస్తాయి, ముఖ్యంగా గడ్డం కింద. రా (RAW, కెమేరా తన మార్పులు చెయ్యకుండా దాచే ముడి ఫైలు) ఫార్మాట్లో తీసుకుంటే తర్వాత సరిచెయ్యొచ్చు, అంతకంటే తేలిక మా తాతయ్య తెల్లపంచె తీసి పిల్ల ముందు గడ్డి మీద పరిచెయ్యడం, పచ్చ పోయి కింద నుంచి తెల్ల వెలుగు మొహానికి తగులుతుంది. ఆయన ఆ పంచె కోసం ఇల్లంతా వెతుక్కుంటాడు, అది వేరే కథ.

ఈ లెన్సుకి అసలు పరీక్ష భోగిపళ్ళు. పిల్లని పీట మీద కూర్చోబెట్టి రేగిపళ్ళు, చిల్లర డబ్బులు, చెరుకుముక్కలు, బంతిపూల రెక్కలు దోసిట్లో పట్టుకుని మూడుసార్లు తిప్పి నెత్తిన పోస్తారు, మీకు కావాల్సింది ఆ పళ్ళు గాల్లో ఉన్న ఫొటో. ఒక అడుగు ఎత్తు నుంచి పడ్డ రేగిపండు తల దగ్గరికొచ్చేసరికి సెకనుకి దాదాపు రెండున్నర మీటర్ల స్పీడులో ఉంటుంది, 1/100లో తీస్తే ఫొటోలో రెండున్నర సెంటీమీటర్ల గీత వస్తుంది తప్ప పండు రాదు, 1/500లో అయితే అర సెంటీమీటరే కదులుతుంది, పండు పండులాగే కనపడుతుంది. కానీ పోసేది సాయంత్రం, చుట్టూ ఎల్‌ఈడీ బల్బులు, ట్యూబులైట్లు. మన కరెంటు 50 హెర్ట్‌జు కాబట్టి ట్యూబులైటూ, చవక ఎల్‌ఈడీలూ సెకనుకి వందసార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, కంటికి తెలీదు గానీ 1/500లో వరసగా కొడితే ఒక ఫొటో వెలుగ్గా, పక్కది చీకటిగా, ఇంకోటి పసుపుపచ్చగా వస్తాయి. కెమేరా పాడైందేమో అనుకుంటారు, కాదు. 1/100 పెడితే ఆ గొడవ పోతుంది గానీ పళ్ళు గీతలైపోతాయి, ఇటు నుయ్యి అటు గొయ్యి అన్నమాట. అందుకని పేరంటాళ్ళని ఒక గంట ముందే పిలిపించి వసారాలో వెలుగుండగానే పోయించెయ్యడమే మార్గం. మా ఇంట్లో అలాగే చేశాం, ఎపర్చరు 2.2, షట్టర్ 1/500, ఐఎస్ఓ 1600 దాకా వెళ్ళింది, ఒక రేగిపండు సరిగ్గా మా చిన్నదాని ముక్కు ముందు ఆగిపోయి దాని రెండు కళ్ళూ ఆ పండు మీదే ఉన్న ఫొటో ఒకటొచ్చింది. "చీకటి పడకముందే పోసెయ్యండర్రా అని ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను, ఇప్పుడు కెమేరా చెప్తే విన్నారు" అని మామ్మ దెప్పిపొడుపు.

పిల్లల్ని దారికి తెచ్చుకోవడం గురించి కూడా నాలుగు ముక్కలు, ఎందుకంటే లెన్సు ఎంత మంచిదైనా నవ్వు నవ్వు అని అరిస్తే పళ్ళు ఇకిలించిన ఫొటోలే వస్తాయి. చేతికో పని ఇవ్వండి. జనవరిలో అయితే తేగ ఒకటి ఉడకబెట్టి ఇచ్చేస్తాను, మా బుజ్జిగాడు దాన్ని రెండుగా చీల్చి ఈనెలు లాగి మధ్యలో చందమామ బయటికొచ్చేదాకా తల పైకెత్తడు, నాలిక్కొస పెదవి పక్కకొస్తుంది, కనుబొమలు ముడిపడతాయి, అప్పుడు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. మీరు మాత్రం నిలబడకండి, గచ్చు మీద చతికిలబడండి, లెన్సు వాడి కంటి ఎత్తులో ఉండాలి. నడుం వంగనివాళ్ళకి 200డి వెనక స్క్రీను బయటికి తిరుగుతుంది కాబట్టి కెమేరా మోకాలి దగ్గర పట్టుకుని పై నుంచి చూస్తూ వేలితో స్క్రీను మీద మొహాన్ని తాకితే చాలు. తీసిన ప్రతిసారీ నాకు చూపించు అంటారు, విసుక్కోకుండా చూపించండి, లేదంటే తర్వాత ఫొటోకి మొహం తిప్పేస్తారు.

మరీ దగ్గరికెళ్ళి తియ్యాలనుంటే, 35 సెంటీమీటర్ల దగ్గర ఫ్రేములో పది సెంటీమీటర్ల వెడల్పే పడుతుంది, అంటే ఒక చిన్న మొహం. ఆత్రేయపురం పూతరేకు తింటున్న పిల్ల పెదాల చుట్టూ అంటుకున్న పంచదార పొడి, మీసంలా వేలాడే రేకు ముక్క, ఇవన్నీ బ్రహ్మాండంగా వస్తాయి, కాకపోతే ఆ దూరంలో 5.6 పెట్టినా షార్ప్ ఉండేది అర సెంటీమీటరే కాబట్టి పది తీస్తే ఒకటి నిలుస్తుంది. ఫోకస్ అయ్యేటప్పుడు లోపలి గొట్టం కాస్త ముందుకొస్తుంది, పిల్లలు దాన్ని వేలితో నొక్కడానికి చూస్తారు, హుడ్ (లెన్సు ముందు తగిలించే తొడుగు) ఒకటి తగిలించి ఉంచండి.

పక్కింటి పిల్లల్ని, స్కూలు పిల్లల్ని తీస్తే వాళ్ళమ్మానాన్నల్ని అడిగే తియ్యండి, స్టేటస్‌లో పెట్టేముందు మళ్ళీ అడగండి, స్నానం చేయిస్తుంటే తీసినవి ఎంత ముద్దుగా ఉన్నా ఇంట్లోనే ఉంచుకోండి.

ఇంక మన డెల్టాలో లెన్సుకి పెద్ద శత్రువు తేమ. జూన్ నుంచి నవంబరు దాకా గోడలే చెమర్చే ఊళ్ళు మనవి, లెన్సు తీసుకెళ్ళి బీరువాలో బట్టల మధ్యనో లెదర్ బ్యాగులోనో పెడితే లోపల అద్దాల మీద ఫంగస్ పడుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ చూపించే చిన్న మీటరొకటి పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. నీలంరంగు జెల్ గులాబీకి తిరిగితే మూకుడులో కాస్త వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతుంది, వంటకి వాడని మూకుడండోయ్, ఆ నీలంరంగుది కోబాల్టు, పిల్లలకి అందనివ్వకండి. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెప్తారు, తౌడు పొడి లోపలికెళ్తుంది, వద్దు. ఏసీ కారులోంచి దిగగానే అద్దం మీద ఆవిరి పడితే కంగారుపడి తుడవకండి, పావుగంట ఆగితే అదే పోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోన్ టార్చి వెనకవైపు నుంచి వేసి ముందు నుంచి చూడండి, సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే అది ఫంగస్. ఒకాయన నాకు అలాంటిదే చూపించి దుమ్మమ్మా, ఊదితే పోతుంది అన్నాడు, నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. తర్వాత ఇంకోచోట శుభ్రమైనది ఆరువేలకి దొరికింది, అప్పట్లో కొత్తదైతే పదివేల అటూ ఇటూ ఉండేది.

ఫ్లాట్లో ఉండేవాళ్ళు ఇదే కంపెనీ 24 ఎమ్ఎమ్ ఎఫ్ 2.8 చూడండి, 2014లో వచ్చింది, బిళ్ళలా ఉంటుంది, 125 గ్రాములు, పిల్ల నిలువెత్తు ఫొటోకి నాలుగైదు అడుగులు చాలు, 16 సెంటీమీటర్ల దాకా దగ్గరికెళ్ళొచ్చు, వెలుగు మాత్రం దీనికంటే ఒక స్టాపు పైనే తక్కువ, అంటే దీంట్లో సగం కూడా రాదు. నికాన్ బాడీ ఉన్నవాళ్ళకి ఆ పనికి 35 ఎమ్ఎమ్ డీఎక్స్ 1.8 జి ఉంది. వాళ్ళు 50 కొంటే మాత్రం 1.8 డి కాకుండా 1.8 జి తీసుకోవాలి, డి లెన్సులో మోటారు ఉండదు, 3500, 5600 లాంటి చిన్న బాడీల మీద ఆటోఫోకస్ పనిచెయ్యదు, పరిగెట్టే పిల్ల వెనకాల చేత్తో రింగు తిప్పుకుంటూ కూర్చోవాలి. ఈ ఫిఫ్టీకి ఫిల్టరు సైజు 49, కిట్ లెన్సుది 58, క్యాపు పోయిందని టౌన్నుంచి ఎవరిచేతనైనా తెప్పించుకుంటే ఆ నెంబరు చీటీ మీద రాసివ్వండి.